వసుమతి టీచరూ, తోడుకోని పాలూ

మా బిల్డింగ్‌లో ముప్పైరెండు అంతస్తులున్నాయి. వాటిలోని జనాన్నంతా ఒకేసారి రోడ్డు మీదికి దింపిన ఘనత నాది. మావారు కేశవరావుగారు పోయిన తర్వాత వచ్చిన మొదటి చలికాలం అది. చారులోకి తాలింపు పెట్టి, మూకుట్లో ఎండుమిరపకాయల్ని వాటి మానాన వదిలేసి, కిటికీలోంచి హడ్సన్ నదిని చూస్తూ నిలబడిపోయాను. అప్పట్లో నేను చూస్తూ నిలబడిపోని వస్తువంటూ లేదు. పొగ గంట మోగింది. అది మోగిందని ప్రతి అంతస్తులోనూ గంటలు మోగాయి. రెండు ఫైరింజన్లు వచ్చాయి.

మంచులో పైజమాల మీద కోట్లు తొడుక్కుని, పిల్లల్నీ కుక్కల్నీ చంకన వేసుకుని అందరూ తిట్టుకుంటున్నారు. నేను కూడా మొదలుపెట్టాను. "ఎవరో ఏమిటో, పొయ్యి దగ్గర ఒళ్ళు తెలియని మనుషులు!" అని అందరికంటే గట్టిగా తిట్టాను. నా పక్కనే మెట్టు మీద కూర్చుని, ఉన్ని గ్లవుజులతోనే ఎర్రపెన్ను పట్టుకుని కాగితాలు దిద్దుకుంటున్న ఒకామె తల ఎత్తకుండా అంది.

"ఆంటీ, ఆ తాలింపు వాసన మీ కోటు నుంచే వస్తోంది. ఇంగువ కూడా వేసినట్టున్నారు."

అలా పరిచయమైంది వసుమతి. దొరికిపోయినందుకు సిగ్గుపడి మర్నాడు ఓ గిన్నెడు పెరుగు పట్టుకెళ్ళి ఇచ్చాను. నాకు తెలిసిన క్షమాపణ అదొక్కటే.

వసుమతిది నరసరావుపేట. గుంటూరులో ఎమ్మెస్సీ చదివింది. పెళ్ళయ్యాక భర్త తేజేశ్వర్ వెంట ఈ దేశం వచ్చి, డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చెయ్యడానికి వీల్లేక ఏళ్ళ తరబడి ఇంట్లోనే ఉండిపోయింది. "ఆ రోజుల్లో ఫ్రిజ్ మీద అయస్కాంతాలకి కూడా పాఠం చెప్పేదాన్ని ఆంటీ. అవి బాగానే వినేవి" అంటుంది. గ్రీన్ కార్డు వచ్చిన వారంలోనే టీచరు పరీక్షలకి పుస్తకాలు కొనుక్కుంది. ఎవరైనా టీచరు సెలవు పెడితే వాళ్ళ బదులు వెళ్ళే ఉద్యోగంతో మొదలుపెట్టి, చివరికి ఆ పెద్ద స్కూల్లో సైన్సు టీచరైంది.

ఆ స్కూల్లో ఎంట్రన్సు పరీక్ష రాసి నెగ్గితేనే సీటు. మా బిల్డింగ్‌లో దాని పేరు గొంతు తగ్గించి చెబుతారు, గుళ్ళో మాట్లాడినట్టు. తల్లులు పిల్లలకి ఆరో ఏట నుంచే కోచింగు పెట్టిస్తారు. అలాంటి పిల్లలకి చదువు చెప్పేదంటే ఈమె ఎంత ధైర్యస్థురాలో అనుకునేదాన్ని. నా చదువు ఏడో తరగతితో ఆగింది. సైన్సులో నాకు గుర్తున్నది ఒక్కటే, కప్ప చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుందని. ఇన్నేళ్ళలో ఆ ముక్క వాడుకోవలసిన అవసరం ఒక్కసారీ రాలేదు.

"మీ పిల్లలు భలే తెలివిగలవాళ్ళట కదమ్మా" అన్నానొకసారి.

"అదే నా ఖర్మ ఆంటీ. ప్రశ్న అడక్కముందే జవాబు చెప్పేస్తారు. నా వైపు చూడరు, సీసా వైపు చూడరు. 'ఇది పరీక్షకి వస్తుందా' అని మాత్రం అడుగుతారు."

మా రోజుల్లో మాస్టారు ప్రశ్న అడిగితే మేం నేల చూపులు చూసేవాళ్ళం. ఇక్కడ టీచరే నేల చూపులు చూస్తుందన్నమాట. దేశం మారితే అన్నీ తిరగబడతాయి కాబోలనుకున్నాను.

వసుమతి సాయంత్రాలు స్కూలు నుంచి వస్తూ మా గుమ్మంలో చెప్పుల స్టాండు మీద కూలబడేది. సోఫా ఉంది కదమ్మా అంటే, అందులో కూర్చుంటే లేవలేను అనేది. చొక్కా చేతికి ఎప్పుడూ ఏదో రంగు మరక. సంచీలో దిద్దాల్సిన కాగితాలు, సగం తిన్న అరటిపండు. నా పెరుగన్నం రెండు ముద్దలు తిని, ఆ రోజు క్లాసులో జరిగిందంతా చెప్పేది. నాకు సగం అర్థమయ్యేది కాదు. అయినా తల ఊపేదాన్ని. తల ఊపడంలో నేను చాలా ఏళ్ళ అనుభవం ఉన్నదాన్ని.

ఈ దేశానికి అటు చివరనున్న బాతెల్ ఊరి నుంచి మా అమ్మాయి చంద్రిక రోజూ ఫోన్ చేస్తుంది.

"ఎలా ఉన్నావమ్మా?"

"బాగున్నానే."

"తిన్నావా?"

"ఆఁ. పప్పు, బెండకాయ వేపుడు, పెరుగు."

నిజానికి పొయ్యి దగ్గర నిలబడి ఓ బ్రెడ్డు ముక్క తినేదాన్ని. బెండకాయ వేపుడు ఫోన్‌లో చేసినంత బాగా పొయ్యి మీద నేనెప్పుడూ చెయ్యలేదు. పెరుగు మాత్రం తోడుపెట్టేదాన్ని, మావారున్నప్పటి పెద్ద గిన్నెలోనే. ఆయనకి మధ్యాహ్నం డబ్బాలో పెరుగు లేకపోతే మాన్‌హటన్ వెళ్ళే రైలు ఎక్కేవారు కాదు. ఇప్పుడు రైలూ లేదు, డబ్బా లేదు, చెయ్యి మాత్రం ఆగదు. అంత పెరుగు ఏం చేసుకోను? చుట్టుపక్కల ఇళ్ళకి పంచేదాన్ని. బిల్డింగ్‌లో సగం తెలుగిళ్ళ పెరుగు నా తోడుదే.

పోయిన శరదృతువులో ఓ సాయంత్రం వసుమతి హడావిడిగా వచ్చింది.

"ఆంటీ, రేపు పిల్లలచేత పాలు తోడుపెట్టిస్తున్నా. పాలల్లో సూక్ష్మజీవులు పులుపు ఎలా తెస్తాయో వాళ్ళే చూడాలి. కొంచెం తోడు కావాలి" అంటూ లోపలికి రాబోతూ, దేవుడి దగ్గర దీపం చూసి టక్కున ఆగిపోయింది. "అయ్యో, దీపం పెట్టేశారా?"

దీపాలు పెట్టాక పాలు, పెరుగు, ఉప్పు గడప దాటించకూడదు. లక్ష్మి వెళ్ళిపోతుందంటారు. నేను నమ్ముతానంటే సరే, నేను ఏడో తరగతి. సూక్ష్మజీవుల మీద ఎమ్మెస్సీ చేసినావిడ కూడా గుమ్మంలో ఓ కాలు బయటా ఓ కాలు లోపలా పెట్టి నిలబడిపోయింది.

"వద్దులెండి ఆంటీ. మా అమ్మకి తెలిస్తే చంపేస్తుంది."

ఇద్దరం కాసేపు ఆలోచించాం. నాకో ఉపాయం తట్టింది. ఫ్రిజ్‌లో షాపులో కొన్న పెరుగు డబ్బా ఉంది. మూత మీద ఆవు బొమ్మ ముద్దుగా ఉందని కొన్నాను.

"ఇది తీసుకెళ్ళమ్మా. ఇంట్లో తోడుపెట్టింది కాదుగా. బార్‌కోడ్ ఉన్నదాన్ని లక్ష్మీదేవి పట్టించుకోదు."

"కరెక్టే ఆంటీ!" అంది ఎమ్మెస్సీ. ముక్కాలు డబ్బా పెరుగు ఓ గిన్నెలోకి వంపుకుని పట్టుకెళ్ళింది. మిగిలిన పావు పారెయ్యడానికి నాకు మనసొప్పక, గ్లాసుడు పాలల్లో కలిపి మూతపెట్టాను.

మర్నాడు సాయంత్రం చెప్పుల స్టాండు మీద కూర్చుని వసుమతి ఒకటే నవ్వు.

"మీ డబ్బా భలే పనిచేసింది ఆంటీ. పొద్దున తోడుపెట్టించి, సీసాలన్నీ వెచ్చటి పెట్టెలో పెట్టించా. స్కూలు అయ్యాక నాకు మీటింగ్. వాళ్ళే చూసుకుని, సీసాలు కడిగేసి, రిపోర్టులు పంపేసి వెళ్ళారు. అందరికీ గట్టి పెరుగు! నేను పెట్టుకున్న సీసాలో మాత్రం పాలు పాలలాగే ఉన్నాయి. పిల్లలకి తోడుకుంది, టీచరుకి తోడుకోలేదు. చూశారా నా బతుకు!"

"అదెలాగమ్మా? నా గ్లాసులోనూ తోడుకోలేదే" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. చెత్తబుట్టలోంచి డబ్బా నేనే తీసిచ్చాను. ఆవు బొమ్మ కింద సన్నటి అక్షరాల్లో ఏదో రాసుంది. ఆమె కళ్ళజోడు పైకెత్తి చదివింది.

"పెరుగయ్యాక మళ్ళీ వేడి చేశారట, నిలవుండటానికి. ఇది చచ్చిన తోడు ఆంటీ. దీనితో ఏ పాలూ తోడుకోవు." డబ్బా కింద పెట్టింది. "మరి వాళ్ళందరికీ ఎలా తోడుకుంది?"

"మంచి స్కూలు కదమ్మా" అన్నాను.

నిజంగానే అన్నాను. ఆమె నా మొహం చూసి, ఫోన్‌లో రిపోర్టులు తీసి చూపించింది. "పాలు గట్టిపడ్డాయి. పుల్లటి వాసన. పులుపు మీటరు మీద ఇంత." అన్నీ అంతే. ఒక్కరంటే ఒక్కరు తోడుకోలేదని రాయలేదు.

"ఇదిగో మన బిల్డింగ్ పిల్ల, కృతి. నాలుగు పాయింట్ అయిదు రెండట! లేని పెరుగుకి దశాంశాలు కూడా వేసింది." ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. "తెలియక రాస్తే నేర్పొచ్చు ఆంటీ. ఏం రావాలో తెలుసు కాబట్టి అదే రాసేశారు. ఎదురుగా సీసాలో పాలున్నాయి, చూడనైనా చూడలేదు. రేపు వీళ్ళే డాక్టర్లవుతారు..." అని, గోడ మీద మావారి ఫోటో చూసి ఆపేసింది. ఆయన ఏ జబ్బుతో ఎంత ఆలస్యంగా ఆసుపత్రికి వెళ్ళారో ఆమెకి తెలుసు. నేను కాఫీ పెట్టడానికి లేచాను.

క్లాసంతటికీ సున్నాలు వేసింది వసుమతి.

ఆ శనివారం రష్మి వచ్చింది. కృతి వాళ్ళమ్మ. మాన్‌హటన్‌లో బ్యాంకు ఉద్యోగం. నన్ను గుడికి తన కారులో తీసుకెళ్ళేది తనే. ఆ రోజు కారు తాళాలు బల్ల మీద విసిరేసింది.

"జీరో అంట ఆంటీ! మా కృతికి! పుట్టగానే డాక్టర్లు బేబీకి మార్కులేస్తారు చూడండి, దాంట్లో కూడా దానికి తొమ్మిది వచ్చింది. కాలేజీ అప్లికేషన్లు పెట్టే ఏడాది ఇది. ఎవడో పాడైపోయిన పెరుగిస్తే ఎక్స్‌పెరిమెంట్ క్యాన్సిల్ చెయ్యాలి గానీ పిల్లలకి పనిష్‌మెంట్ ఏంది? ఆ డబ్బా ఇచ్చినోళ్ళెవరో ముందు కనుక్కోవాలె."

"నేనే రష్మీ" అన్నాను.

రష్మి కాఫీ కప్పు కింద పెట్టింది. "ఆంటీ... మీరెప్పుడు సైన్సులో చేరిన్రు?"

తల్లిదండ్రులు కొందరు కలిసి స్కూలుకి మెయిల్ పెట్టారు. సైన్సు టీచర్లందరికీ పెద్దావిడ వసుమతిని పిలిచి, తోడుదే తప్పు అని రాసేసి ప్రయోగం రద్దు చేసెయ్యమంది. వసుమతి ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. వసంతకాలంలో ఆ నిర్ణయం రాసేది ఆ పెద్దావిడే. 'సరే' అంటే అందరికీ సుఖం. వసుమతి 'సరే' అనలేదు.

"మళ్ళీ చేయిస్తాను. చూసింది చూసినట్టు రాస్తే సున్నాలు తీసేస్తా. లేదంటే ఉంచుతా. మీరు కూడా వచ్చి చూడండి" అందట ఆవిడతో. ఆ మాట నాకు చెప్పి, "ఈసారి మీ తోడు కావాలి ఆంటీ. మీరూ రావాలి. థర్మామీటరు లేకుండా వేలితోనే వేడి చూసి తోడుపెట్టడం పిల్లలు చూడాలి. మీ చేత్తో పెడితే తప్పకుండా తోడుకుంటుంది. తోడుకున్నది తోడుకుందని రాయడానికి వాళ్ళకేం కష్టం ఉండదు. అక్కణ్ణుంచి మొదలుపెడతా" అంది.

నా జీవితంలో నన్నెవరూ స్కూలుకి పిలవలేదు. చిన్నప్పుడు స్కూలుకి వెళ్ళొద్దన్నవాళ్ళే ఎక్కువ. రెండు చీరలు మార్చాను. ఎందుకైనా మంచిదని ఇంట్లో ఉన్న పెరుగంతా, అడుగూ అంచూ గీకి మరీ స్టీలు డబ్బాలోకి ఎత్తాను. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన డబ్బాలో ఏముందని అడిగాడు. "కర్డ్" అన్నాను. అర్థం కాలేదు. మూత తీసి చూపించాను. ఆయన వాసన చూసి నా కోటుకి ఓ స్టిక్కరు అంటించాడు. దాని మీద 'గెస్ట్ స్పీకర్' అని ఉందని వసుమతి చదివి చెప్పింది. అప్పటిదాకా స్పీకరు మాట్లాడింది 'కర్డ్' ఒక్కటే.

క్లాసులో పిల్లలు బుద్ధిగా నిలబడ్డారు. నేను "గుడ్ మార్నింగ్" అన్నాను. మధ్యాహ్నం రెండైంది. ఒక్కరూ నవ్వలేదు. అంత మర్యాదగల పిల్లలు. వెనక కుర్చీలో పెద్దావిడ.

పెద్ద గిన్నెలో పాలు కాగుతున్నాయి. నేను వేలు ముంచబోతే వసుమతి ఆపింది. "ఆంటీ, ల్యాబ్ రూలు. గ్లవ్ వేసుకోవాలి." నీలం రబ్బరు తొడుగు ఇచ్చింది. అది నా వేలికంటే వదులు. నలభై ఏళ్ళుగా పాలల్లో పెడుతున్న వేలు, గ్లవ్‌లో దూరేసరికి కొత్త పెళ్ళికూతురిలా అన్నీ మరిచిపోయింది. వేడిగా ఉందా? గోరువెచ్చగా ఉందా? అందరూ నా వేలినే చూస్తున్నారు.

"ఆంటీ, నీకు ఎలా తెలుస్తది హాట్ ఉందా అని?" కృతి తన అమెరికా తెలుగులో అడిగింది.

"అలవాటమ్మా" అన్నాను గంభీరంగా. "చాలు, ఇక తోడు వేసెయ్యండి."

జంటలు జంటలుగా వచ్చి తలో చెంచా తోడు పట్టుకెళ్ళి కలిపారు. అన్నీ వెచ్చటి పెట్టెలోకి వెళ్ళాయి. సాయంత్రానికి తోడుకోవు కాబట్టి మర్నాడు పొద్దున వచ్చి చూసి, ఎవరికి వాళ్ళు రిపోర్టు రాసి పంపాలి. ఇంటికి వస్తుంటే కారులో వసుమతి పాట కూనిరాగం తీసింది. నేను గ్లవ్ విప్పడం మరిచిపోయి, అది వేసుకునే ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున్నే వసుమతి ఫోన్. "కాఫీ తాగారా ఆంటీ?" అంది. ఎప్పుడూ అడగని మనిషి కాఫీ సంగతి అడిగేసరికి నాకు తెలిసిపోయింది.

"ఒక్కటైనా?" అన్నాను.

"ఒక్కటీ తోడుకోలేదాంటీ. పాలు బాగా వేడిగా ఉండగా వేసినట్టున్నాం. తోడు చచ్చిపోయింది."

తోడు సంగతి తర్వాత. ఆ పిల్లలు మర్యాదస్తులు. పైగా తోడుకుంటుందని టీచరు చెప్పింది, ముసలావిడ పట్టుచీర కట్టుకొచ్చింది, పరీక్షలో అడిగినా తోడుకుంటుందన్నదే జవాబు. నా మొహం చూసి తోడుకుందనే రాస్తారు. సున్నాలుంటాయి, మెయిళ్ళు మళ్ళీ మొదలవుతాయి, వసంతకాలంలో వసుమతి మళ్ళీ అయస్కాంతాలకి పాఠం చెప్పుకుంటుంది. అదంతా నా వేలి వల్ల. ఆ రోజంతా ఆ వేలిని చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం వసుమతి వచ్చింది. చెప్పుల స్టాండు దాటి లోపలికి వచ్చి సోఫాలో కూర్చుంది. ఇదేదో పెద్ద కబురే అనుకున్నాను.

"వినండి ఆంటీ" అని ఫోన్ తీసి తెలుగు చేసి చదవడం మొదలుపెట్టింది. "'పాలు పాలుగానే ఉన్నాయి.' 'ఏ మార్పూ లేదు, ఎందుకో మాకు తెలియదు.' తెలియదట ఆంటీ! ఈ స్కూల్లో ఆ మాట కాగితం మీద నేను చూడటం ఇదే మొదలు. ఇద్దరు మాత్రం కొంచెం చిక్కబడిందని రాశారు, వాళ్ళ సంగతి చూస్తా. ఇదిగో, ఇది కృతిది."

కృతి ఇలా రాసింది: "పాలు తోడుకోలేదు. తోడు వేసేటప్పుడు నేను థర్మామీటరు పెట్టి చూశాను. డెబ్బైఒకటి డిగ్రీలు ఉంది. అప్పుడే చెప్పాల్సింది. ఆంటీ ఫీలవుతారని చెప్పలేదు. ఆంటీ తప్పు కాకపోవచ్చు, గ్లవ్ చాలా పెద్దది."

నేను నవ్వడం మొదలుపెట్టాను. ఆపుకోలేకపోయాను. వసుమతి కూడా నవ్వి, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. ఆ ఇద్దరివి తప్ప సున్నాలన్నీ తీసేసిందట. పెద్దావిడ రిపోర్టులన్నీ చదివి, "వచ్చే ఏడాది కూడా ఇది చేయించు" అని ఒక్కటే అని వెళ్ళిందట.

"'ఆవిణ్ణి కూడా పిలువు' అంది ఆంటీ. మిమ్మల్నే."

"తోడుకోకుండా చెయ్యడానికా?"

"మీ అంత నమ్మకంగా ఇంకెవరు చేస్తారు?" అంటూ లేచింది.

ఆమె వెళ్ళాక ఫ్రిజ్ తెరిచాను. ఉన్న తోడంతా స్కూలుకి పట్టుకెళ్ళి చంపి వచ్చాను కదా. మావారు చివరిసారి డబ్బాలో పట్టుకెళ్ళిన పెరుగు నుంచి రోజూ కొంచెం కొంచెం ఆగకుండా వస్తున్న తోడు అది. పెద్ద గిన్నె ఖాళీగా బోర్లించి ఉంది. దీపం పెట్టి అక్కడే కూర్చున్నాను.

తలుపు చప్పుడైంది. రష్మి. చేతిలో మూత పెట్టిన గ్లాసు.

"కృతి చెప్పింది ఆంటీ, డబ్బాలో ఒక్క చుక్క మిగల్లేదని. ఇది మీదే. పోయినేడు మీరు మాకిచ్చిన తోడే, నేనూ రోజూ పెడుతున్న." లోపల దీపం చూసి వెనక్కి తగ్గింది. "అయ్యో, దీపం పెట్టేసిన్రా? రేపు పొద్దున తెస్త."

"చూడాల్సింది ఇచ్చేవాళ్ళింట్లో దీపం. మీ ఇంట్లో పెట్టావా?"

"ఎక్కడ ఆంటీ, ఇప్పటిదాకా మీటింగ్‌లోనే ఉన్న."

"అయితే నీకేం నష్టం లేదు, ఇటు తే."

రష్మి గ్లాసిచ్చి, ఓ క్షణం నిలబడింది. "సున్నా తీసేసిన్రంట. ఆ డెబ్బైఒకటి సంగతి నాకు కూడా చెప్పలేదు చూడండి, పోరి." శనివారం గుడికి తయారుగా ఉండమని చెప్పి వెళ్ళింది.

పాలు కాచాను. గ్లవ్ లేకుండా వేలు ముంచి చూశాను. చిన్న గిన్నెలో తోడుపెట్టాను, ఒక్కరికి సరిపడా. మూత పెడుతుంటే ఫోన్ మోగింది.

"ఎలా ఉన్నావమ్మా?" చంద్రిక.

బాగున్నాననే మాట నాలిక చివరికి వచ్చేసింది. ఏం రావాలో నాకూ తెలుసు.

"తిన్నావా? ఏం చేసుకున్నావ్?"

"బ్రెడ్డు ముక్క తిన్నానే" అన్నాను. "నిన్నా అదే. మొన్నా అదే. వండుకోబుద్ధి కావడం లేదు."

అటు టీవీ కట్టేసిన చప్పుడు వినిపించింది.

"మరి ఆ బెండకాయ వేపుడో?"

"లేదమ్మా. ఎప్పుడూ లేదు."

"నేను కూడా అంతేనమ్మా" అంది చంద్రిక. "రోజూ బాగున్నానని చెబుతున్నా గానీ... నాన్న నంబరు ఇంకా తియ్యలేదు ఫోన్‌లోంచి."

ఆ తర్వాత చాలాసేపే మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో రాయను. మధ్యలో ఒకసారి వెళ్ళి గిన్నె మూత ఎత్తి చూశాను. ఇంకా పాలే. తొందరేం లేదనుకుని మళ్ళీ మూత పెట్టాను.